లెక్క రాసినోడిదే నగరం

సోషల్ పుస్తకంలో మనం చదువుకున్న కథ మూడు లైన్లలో అయిపోతుంది. ముందు మనుషులు వేటాడారు. తర్వాత వ్యవసాయం నేర్చుకున్నారు. తిండి మిగిలింది కాబట్టి నగరాలు కట్టారు. ఐదు మార్కుల ప్రశ్నకి చక్కగా సరిపోయే జవాబు. మూడో లైన్లో ‘కాబట్టి’ అని ఒక మాట ఉంది చూశారూ, చిక్కంతా అక్కడే.

ఆ ‘కాబట్టి’ వెనకాల దాదాపు ఐదు వేల ఏళ్లు దాక్కుని ఉన్నాయి. పశ్చిమాసియాలో గోధుమ, బార్లీ పంటలుగా స్థిరపడింది క్రీ.పూ. 8500 ప్రాంతంలో. మొదటి అసలైన నగరం అని చరిత్రకారులు ఎక్కువగా చెప్పే ఉరుక్, నగరంగా ఎదిగింది క్రీ.పూ. 3500 తర్వాత. ఉరుక్ నుంచి మన దాకా ఎంత దూరమో, మొదటి పంట నుంచి ఉరుక్ దాకా ఇంచుమించు అంత దూరం. మన ఉపఖండంలోనూ ఇదే తంతు. ఇప్పటి పాకిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో క్రీ.పూ. 7000 ప్రాంతానికే సాగు మొదలైంది. మొహెంజొదారో నగరం లేచింది క్రీ.పూ. 2600 ప్రాంతంలో.

తిండి మిగలడం ఒక్కటే కారణమైతే ఇన్ని వందల తరాలు ఎందుకు ఆగినట్టు? మధ్యలో ఇంకేదో జరగాలి. అదేంటో వెతుక్కుంటూ వెళ్తే గింజ దగ్గర మొదలై, ఒక మట్టి గిన్నె మీదుగా, చివరికి ఒక లెక్కల పలక దగ్గర తేలుతాం.

రాలని గింజ, అరిగిన మోకాలు

అడవి గోధుమకి ఒక అలవాటు ఉంది. గింజ పండగానే కంకి విరిగి నేలమీద రాలిపోతుంది. మొక్కకి అది లాభం, వచ్చే ఏడాదికి విత్తనం తనే చల్లుకున్నట్టు. ఏరుకునే మనిషికి మాత్రం చాకిరీ. అయితే వేల మొక్కల్లో ఎక్కడో ఒకటి, చిన్న జన్యుమార్పు వల్ల, గింజల్ని కంకికే పట్టుకుని ఉంటుంది. అడవిలో అలాంటి మొక్కకి భవిష్యత్తు లేదు. కొడవలి పట్టుకున్న మనిషి వచ్చాడంటే లెక్క తిరగబడుతుంది. రాలేవి చేలోనే పోతాయి, రాలనివి ఇంటికొస్తాయి. మళ్లీ ఏడాది విత్తేది ఇంటికొచ్చిన వాటినే.

ఇది ఏ ఒక్కరి ఐడియా కాదు. ఎవరో మేధావి ఓ పొద్దున లేచి వ్యవసాయం కనిపెట్టలేదు. తవ్వకాల్లో దొరికిన మాడిన గింజల్ని పరీక్షించిన వృక్షపురావస్తు శాస్త్రవేత్తలు ఈ మార్పుకి వేల ఏళ్లు పట్టిందంటున్నారు. చివరికి తేలిందేమిటంటే, మనిషి చల్లకపోతే బతకలేని గోధుమ, గోధుమ లేకపోతే బతకలేని మనిషి.

ఈ బేరంలో మనిషికి ఎంత పడిందో ఎముకలు చెబుతాయి. సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున అబూ హురైరా అనే ఊరుండేది. మన నాగార్జునకొండ లాగే అదీ ఆనకట్ట నీళ్లలో మునిగిపోయింది. మునిగే ముందు, 1972, 1973లలో హడావుడిగా తవ్వారు. అక్కడి అస్థిపంజరాల్ని థేయా మోల్సన్ అనే శాస్త్రవేత్త పరీక్షించారు. చాలామంది ఆడవాళ్ల కాలి బొటనవేళ్ల కీళ్లు అరిగిపోయి ఉన్నాయి. మోకాళ్ల మీద, నడుం దగ్గర ఎముకల మీద ఒత్తిడి గుర్తులున్నాయి. కారణం, నేలమీద మోకాళ్లూని, కాలివేళ్లు వెనక్కి మడిచి, రాతిమీద గంటల తరబడి గింజలు నూరడం. మన ఇళ్లలో అమ్మమ్మల కాలం నాటి సన్నికల్లు గుర్తుందా? దాదాపు అలాంటిదే, ఇంకా పెద్దది. దాని మీద నూరితేనే ఆ పూట రొట్టె.

తొలి రైతులు వేటగాళ్ల కంటే హాయిగా బతికారనుకోడానికి లేదు. చాలాచోట్ల పళ్లు పుచ్చాయి, పోషకాహార లోపం పెరిగింది, మందలతో కలిసి బతకడం వల్ల కొత్త రోగాలు అంటుకున్నాయి. అయినా వెనక్కి వెళ్లలేకపోయారు. తిరుగుతూ బతికే తల్లి ఒక బిడ్డ నడిచే వయసొచ్చాకే ఇంకో బిడ్డని కనగలదు. ఒకచోట స్థిరపడిన తల్లికి ఆ ఎడం తగ్గుతుంది, పైగా జావ తాగించి బిడ్డకి పాలు తొందరగా మాన్పించొచ్చు. జనం పెరిగారు. పెరిగిన జనాన్ని మళ్లీ అడవి పోషించలేదు. దారి మూసుకుపోయింది.

రాజు లేని పెద్ద ఊళ్లు

సరే, జనం పెరిగారు, ఊళ్లు పెరిగాయి. మరి నగరం?

జెరికో చూడండి. క్రీ.పూ. 8000 నాటికే అక్కడ రాతి గోడ ఉంది, ఎనిమిది మీటర్లకు పైగా ఎత్తున్న రాతి బురుజు ఉంది, లోపల మెట్లు కూడా ఉన్నాయి. అంత కట్టాక కూడా అది నగరం కాలేదు. పెద్ద ఊరుగానే ఉండిపోయింది.

ఇంకా విచిత్రం టర్కీలోని చాతల్‌హొయుక్. క్రీ.పూ. 7100 నుంచి వెయ్యేళ్లకు పైగా జనం అక్కడ కాపురాలు చేశారు. ఇళ్లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. మధ్యలో సందులే లేవు. మిద్దెల మీద నడుచుకుంటూ వెళ్లి, కప్పులో ఉన్న కంత లోంచి నిచ్చెన దిగి ఇంట్లోకి పోవాలి. చనిపోయిన వాళ్లని ఇంట్లోనే, పడుకునే అరుగు కింద పాతిపెట్టారు. గోడల మీద బొమ్మలున్నాయి, ఎద్దు కొమ్ములున్నాయి. లేనిదల్లా కోట, దివాణం, పెద్ద గిడ్డంగి. ఇళ్లన్నీ ఇంచుమించు ఒకే సైజు.

ఆ ఇళ్లలో గమనించాల్సిన వస్తువు ఇంకొకటి ఉంది, మట్టితో కట్టిన గాదెలు. ప్రతి ఇంటికీ దాని గాదె దానికే. ఎవరి గింజలు వాళ్ల దగ్గర. ఊళ్లో మొత్తం ఎంత పండింది, ఎవరి వాటా ఎంత, ఎవరు బాకీ అని అడిగే మనిషే లేడు. తిండి మిగిలింది, జనం ఉన్నారు, కళ ఉంది, భక్తి ఉంది. వెయ్యేళ్లు గడిచినా అది నగరం కాలేదు.

గాదె ఇంట్లోంచి బయటికొచ్చిన రోజే కథ మారింది.

వాన లేని చోట నగరం

ఆ మార్పు జరిగిన చోటు దక్షిణ ఇరాక్. యూఫ్రటీస్, టైగ్రిస్ నదులు సముద్రం దగ్గరికొచ్చే చోటు. అక్కడ ఏడాదంతా కలిపి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. మనం కరువు జిల్లా అనుకునే అనంతపురంలో పడేదాంట్లో సగం కూడా కాదు. రాయి లేదు, మంచి కలప లేదు, లోహం లేదు. ఉన్నవల్లా ఒండ్రుమట్టి, నీళ్లు, రెల్లు, చేపలు, ఖర్జూరం.

నదులు కూడా మాట వినవు. ఉత్తరాన కొండల మీద మంచు కరిగి వరద వచ్చేది వసంతంలో, సరిగ్గా పంట కోతకొచ్చే వేళకి. విత్తనం వేసే వేళ నదిలో నీళ్లు తక్కువ. అంటే అవసరమైనప్పుడు నీళ్లు తెచ్చుకోవాలి, అవసరం లేనప్పుడు ఆపుకోవాలి. కాలవలు, గట్లు, ఏటేటా పూడిక తీతలు. ఒక కుటుంబం వల్ల అయ్యే పని కాదది. పదిమంది కలవాలి, పని పంచుకోవాలి, పనికొచ్చిన వాళ్లకి తిండి పెట్టాలి.

తిండి ఎక్కడ పెట్టాలి? దేవుడి దగ్గర. ఎరిదు అనే ఊళ్లో తవ్విన కొద్దీ ఒకదాని కింద ఒకటి పాత గుళ్లు బయటపడ్డాయి. అడుగున ఉన్నది ఓ చిన్న గది. పైకి వచ్చేకొద్దీ గుడి పెద్దదవుతూ పోయింది. నైవేద్యం పెట్టిన చేపల ముళ్లు కూడా దొరికాయి. దేవుడికి పెట్టింది దేవుడు తినడు కదా. అది పూజారుల చేతికి, పనివాళ్ల నోటికి వెళ్తుంది. అలా గుడి మెల్లగా ఊరందరి గాదె అయ్యింది.

ఉరుక్‌లో ఇది పతాకస్థాయికి చేరింది. క్రీ.పూ. 3100 నాటికి అది 250 హెక్టార్ల ఊరు. జనాభా 25 వేల నుంచి 50 వేల మధ్య అని అంచనా. మనకిప్పుడు అదో చిన్న మున్సిపాలిటీ. కానీ అప్పటిదాకా భూమ్మీద అంతమంది ఒకేచోట బతకడం దాదాపు ఎవరూ చూడనిది. నడిమధ్యన ఇనన్న దేవత ఆలయ సముదాయం. చుట్టూ కుమ్మరులు, నేతగాళ్లు, కంచర్లు, పడవవాళ్లు. వీళ్లలో చాలామంది పొలంలో అడుగుపెట్టరు. వాళ్ల తిండి ఇంకెవరో పండించాలి, ఇంకెవరో కొలిచి ఇవ్వాలి.

రేషన్ గిన్నె

ఆ కొలిచి ఇవ్వడానికి సాక్ష్యం ఒక గిన్నె. తవ్వకాల రిపోర్టుల్లో దీన్ని ‘అంచు చెక్కిన గిన్నె’ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. పాతకాలం కుండల్లో ఇంత అందవిహీనమైనది ఇంకోటి ఉండదేమో. చక్రం మీద చేసింది కాదు, అచ్చులో మట్టి కుక్కి తీసింది. గరుకుగా, మందంగా ఉంటుంది, అలంకారం అన్నది లేదు. అయినా ఇరాన్ నుంచి సిరియా దాకా వేలకు వేలు దొరుకుతున్నాయి. కొన్నిచోట్ల దొరికిన పెంకుల్లో సగానికి పైగా ఇవే.

ఇవి రొట్టెలు కాల్చే అచ్చులని కొందరు పండితుల వాదన. పనివాళ్లకి రోజుకూలి కింద బార్లీ కొలిచి పోసే పాత్రలని ఇంకొందరి వాదన, మన సోల, మానిక లాగా. రెండింట్లో ఏదైనా, కూలీల తిండి ఒకే కొలతలో, టోకుగా తయారయ్యిందన్నది అర్థమవుతుంది. ఉరుక్ రాతలో ‘తిండి’ని సూచించే గుర్తు కూడా గిన్నె బొమ్మే. దాని పక్కన మనిషి తల బొమ్మ గీస్తే ‘తినడం’, ‘రేషన్’ అని అర్థం.

వినడానికి బాగానే ఉంది, పనికి ఆహార పథకం లాగా. కానీ ఆగి ఆలోచించండి. చాతల్‌హొయుక్‌లో ఆకలేస్తే మీ గాదె మీరే తీస్తారు. ఉరుక్‌లో ఆకలేస్తే లైన్లో నిలబడి గిన్నె చాపాలి. గిన్నె ఎవరికి, ఎన్ని రోజులకి, ఎంత అన్నది ఇంకొకడు తేలుస్తాడు. తిండికీ నోటికీ మధ్యలో మొదటిసారి ఒక మనిషి వచ్చి కూర్చున్నాడు. అతనికి ఇప్పుడు కావాల్సింది జ్ఞాపకశక్తి.

అక్షరం పుట్టింది పద్యం కోసం కాదు

పది ఇళ్ల లెక్క మనసులో పెట్టుకోవచ్చు. పదివేల గిన్నెల లెక్క పెట్టుకోలేం.

రాత పుట్టడానికి చాలా ముందు నుంచే పశ్చిమాసియాలో చిన్న చిన్న మట్టి బిళ్లలు వాడుకలో ఉన్నాయి. కొన్ని శంకువులు, కొన్ని గోళీలు, కొన్ని చక్రాలు. వీటి మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన డెనీస్ ష్మాంట్ బెస్సెరా వాదన ప్రకారం ఇవి లెక్కగుర్తులు. ఫలానా ఆకారం అంటే ఇంత ధాన్యం, ఫలానాది అంటే ఒక గొర్రె. క్రీ.పూ. నాలుగో సహస్రాబ్దిలో వీటిని బోలు మట్టిబంతిలో వేసి, మూసి, పైన ముద్ర కొట్టడం మొదలుపెట్టారు. ఎవరూ బిళ్లలు మార్చలేరు, బాగానే ఉంది. కానీ లోపల ఎన్ని ఉన్నాయో చూడాలంటే బంతి పగలగొట్టాలి. అందుకని మూసేముందు అవే బిళ్లల్ని తడిమట్టి మీద నొక్కి గుర్తులు పెట్టారు. ఇక్కడ ఎవరికో లైట్ వెలిగి ఉండాలి. గుర్తు బయటే కనబడుతుంటే లోపల బిళ్లలెందుకు? బంతి చదునైంది, పలక అయింది. అన్ని వివరాల్లో పండితులందరూ ఆమెతో ఏకీభవించరు గానీ, లెక్క నుంచే రాత వచ్చిందన్న దాని మీద పెద్ద తగాదా లేదు.

ఉరుక్ ప్రాంతపు తొలి పలకలు వేలల్లో దొరికాయి. వాటిలో దాదాపు 85 శాతం ఉత్త పద్దులే. ఇంత బార్లీ వచ్చింది, ఇన్ని గొర్రెలున్నాయి, ఇంత సారా పోశాం. మిగతావి ఆ పద్దులు రాసే కుర్రాళ్లు వల్లెవేసుకునే మాటల జాబితాలు. వాటిలో ఒకటి పదవుల జాబితా. వందకు పైగా పేర్లు, పై అధికారితో మొదలవుతుంది. కథలు, స్తోత్రాలు రాతలోకి ఎక్కింది ఇంకో 700 ఏళ్లకి. అంటే మనిషి ఏడు వందల ఏళ్ల పాటు రాత వచ్చి కూడా బిల్లులే రాసుకున్నాడు.

ప్రపంచంలో రాతకెక్కిన మొదటి పేరు బహుశా కుషిమ్. రాజు కాదు, కవి కాదు, దేవుడు కాదు. క్రీ.పూ. 3100 ప్రాంతపు ఒక పలక మీద 29,086 కొలతల బార్లీ, 37 నెలలు, కుషిమ్ అని ఉంటుంది. అది మనిషి పేరో హోదా పేరో గానీ, పని మాత్రం తెలుస్తోంది. సారా కాచే బార్లీ నిల్వకి లెక్కదారు. మన భాషలో చెప్పాలంటే కరణం.

రోజూ డేటాబేస్‌లతో పనిచేసేవాణ్ణి కాబట్టి ఆ పలకల ఫొటోలు చూస్తే నాకు కొత్తగా అనిపించవు. అడ్డగీతలు, నిలువుగీతలు, గడులు. ఒక గడిలో అంకె, పక్కన వస్తువు, కింద బాధ్యుడు, వెనకవైపు మొత్తం. ఐదు వేల ఏళ్ల కిందటి మట్టి టేబుల్ అది. వస్తువుని బట్టి లెక్క పద్ధతి కూడా మారేది. మనుషుల్ని, గొర్రెల్ని లెక్కపెట్టడానికి అరవైల లెక్క, ధాన్యానికి ఇంకోటి. ఆ అరవైల లెక్కే ఇవాళ మీ ఫోన్ స్క్రీన్ మీద గంటకి అరవై నిమిషాలుగా నడుస్తోంది.

టేబుల్ కట్టినవాడు ఏ కాలమ్ పెట్టాలో కూడా నిర్ణయిస్తాడు. ఉరుక్ పలకల్లో బానిస ఆడమనిషికి ఒక గుర్తు ఉంది. ‘స్త్రీ’ గుర్తు, దాని పక్కన ‘కొండ’ గుర్తు. కొండల అవతల నుంచి పట్టుకొచ్చిన మనిషి అని. గొర్రెలకి గడి ఉన్నట్టే ఆమెకీ ఒక గడి.

పన్నుకి దొరికే పంట

ఇంకో ప్రశ్న మిగిలింది. తొలి నగరాలన్నీ దాదాపు గింజ పంటల మీదే ఎందుకు లేచాయి? ఇక్కడ గోధుమ, బార్లీ. చైనాలో కొర్రలు, వరి. అమెరికాలో మొక్కజొన్న.

అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త జేమ్స్ స్కాట్ 2017లో రాసిన ‘అగెనెస్ట్ ద గ్రెయిన్’ పుస్తకంలో దీనికి సూటి జవాబు ఇచ్చాడు. గింజ పంట దాచుకోవడానికి వీల్లేని పంట. నేలపైన కనబడుతూ పండుతుంది. చేనంతా ఒకేసారి కోతకొస్తుంది. శిస్తు వసూలుకి వచ్చేవాడు సరిగ్గా ఆ వారం వస్తే చాలు. కళ్లంలో రాశి చూసి కొలుస్తాడు, వాటా తీస్తాడు, బండికెత్తుతాడు. గాదెలో ఏళ్లపాటు ఉంటుంది, కూలీకి గిన్నెతో కొలిచి పోయొచ్చు.

అదే దుంప పంట సంగతి చూడండి. మన తూర్పుగోదావరిలో వేసే కర్రపెండలం లాంటిది నేల కింద ఉంటుంది. అవసరమైనప్పుడు తవ్వుకోవచ్చు, లేనప్పుడు అలాగే ఉంచొచ్చు. వసూలుకొచ్చినవాడికి తోటంతా తవ్వే ఓపిక ఉండాలి, తవ్వినా అది బరువెక్కువ, కుళ్లిపోతుంది. పప్పుధాన్యాల్లోనూ చాలావాటికి కాయలు దఫదఫాలుగా పండుతాయి. ఏ వారం వచ్చి వాటా అడుగుతాడు?

అందుకే స్కాట్ మాటల సారం ఇది. కడుపు నింపగల పంటలు చాలా ఉన్నాయి, కానీ ఖజానా నింపగల పంటలు కొన్నే.

గింజలు పండించి మందలు కాసిన మన దక్కన్

ఇదంతా మనకి దూరదేశం కథ అనిపిస్తే, పాత మహబూబ్‌నగర్ జిల్లాకి రండి. అక్కడ ఊట్నూరు అని ఒక ఊరుంది. ఆదిలాబాద్ ఊట్నూరు కాదు. ఆ ఊళ్లో 1957లో ఆల్చిన్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఒక బూడిద దిబ్బని తవ్వాడు. ఇలాంటి దిబ్బలు అనంతపురం జిల్లా పాలవాయిలో, కర్ణాటకలో బళ్లారి చుట్టుపక్కల చాలాచోట్ల ఉన్నాయి. ఇవి రాక్షసుల ఎముకల బూడిద అని జనం చెప్పుకునేవారు. తవ్వి చూస్తే ఆవుపేడ బూడిద. క్రీ.పూ. మూడో సహస్రాబ్దిలో ఇక్కడివాళ్లు మందల్ని దడి కట్టి కాపాడుకున్నారు, పోగైన పేడని మళ్లీ మళ్లీ కాల్చారు. ఊట్నూరులో ఆ మట్టిలో పశువుల గిట్టల ముద్రలు అలాగే ఉండిపోయాయి.

వాళ్లు సాగు కూడా చేశారు. అండుకొర్రల్లాంటి చిరుధాన్యాలు, పెసలు, ఉలవలు. ఉలవచారుకి ఎంత వయసుందో తెలీదు గానీ ఉలవకి మాత్రం నాలుగు వేల ఏళ్లకు పైగా వయసుంది. అంటే ఉరుక్ పడి లేస్తున్న కాలంలోనే మన దక్కన్‌లో రైతులున్నారు. నగరాలు మాత్రం లేవు. ధరణికోట, ధూళికట్ట, కోటిలింగాల లాంటి పట్టణాలు కనబడేది క్రీ.పూ. చివరి కొన్ని శతాబ్దాల్లో. మధ్యలో రెండు వేల ఏళ్లకు పైగా మనవాళ్లు పండించుకున్నారు, మేపుకున్నారు, తిన్నారు, నగరం కట్టలేదు.

వాళ్లకి తెలివి లేక కాదు. వాళ్ల సంపద నాలుగు కాళ్ల మీద నడిచేది. గిడ్డంగిలో పెట్టి తాళం వేసేది కాదు, ఎవరైనా దౌర్జన్యం చేస్తే తోలుకుని పోగలిగేది. వ్యవసాయం వస్తే నగరం వచ్చి తీరుతుందన్న స్కూలు కథకి ఊట్నూరు గిట్టల ముద్రలు తిరుగులేని జవాబు. తర్వాత పట్టణాలు వచ్చినప్పుడు వాటితో పాటే ఏం వచ్చాయో చూడండి. కోటిలింగాలలో నాణేలు దొరికాయి, వాటి మీద రాజుల పేర్లున్నాయి. లెక్క, దాని మీద ఒక సంతకం. కుషిమ్ పలక లాగే.

అప్పు పలక పగలగొట్టిన రాజులు

లెక్క రాయడం మొదలయ్యాక ఇంకోటి తప్పకుండా వస్తుంది, బాకీ. ఇచ్చిన గింజ గుర్తుంటుంది, తిరిగి రావాల్సిన గింజ కూడా గుర్తుంటుంది. క్రీ.పూ. రెండో సహస్రాబ్ది నాటి బాబిలోన్‌లో వెండి అప్పుకి వడ్డీ ఐదో వంతు, బార్లీ అప్పుకి మూడో వంతు. రైతు తీసుకునేది బార్లీ అప్పే. కాలవ ఎండితే, మిడత పడితే, పలక మీద గీత మాత్రం చెరగదు. ముందు పొలం పోతుంది, తర్వాత పిల్లల్ని తాకట్టు పెడతాడు.

ఇది ఎక్కడిదాకా వెళ్లిందంటే రాజులే భయపడ్డారు. అందరూ అప్పుల కింద బానిసలైపోతే కాలవ తవ్వేదెవరు, యుద్ధానికి వచ్చేదెవరు? క్రీ.పూ. 2400 ప్రాంతంలో లగాష్ రాజు ఎన్మెతెన అప్పులు రద్దు చేశానని రాయించుకున్నాడు. అందుకు వాడిన సుమేరియన్ మాట ‘అమర్గి’. విడుదల అని అర్థం. మాటని విడదీస్తే ‘తల్లి దగ్గరికి తిరిగి వెళ్లడం’. తాకట్టుకి పోయిన బిడ్డ ఇంటికి రావడం అన్నమాట. స్వేచ్ఛ అనే భావానికి మనకి తెలిసిన అతి పాత మాటల్లో ఇదొకటి. అది పుట్టింది ఒక రైతు అప్పులోంచి.

కంటికి కన్ను అన్న శిక్షతో పేరుపడ్డ హమ్మురాబి శాసనంలో 48వ నిబంధన ఎవరూ అంతగా చెప్పరు. వరద ముంచినా, నీళ్లు లేక పంట పోయినా ఆ ఏడాది రైతు అప్పు కట్టక్కర్లేదు, ఆ ఏడాది వడ్డీ కూడా లేదు, అప్పు పలకని తడిపి మార్చుకోవచ్చు. దాదాపు 3,750 ఏళ్ల కిందటి మాట ఇది. మనం ఇవాళ్టికీ ప్రతి ఎన్నికల్లో ఇదే చర్చ చేస్తున్నాం.

మీ పేరు ఏ గడిలో ఉంది?

ఇదంతా చదివాక నగరం అంటే ఒక కుట్ర అనుకుంటే పొరపాటు. ఆ లెక్కల పలకల వల్లే గణితం వచ్చింది, చట్టం వచ్చింది, చివరికి కవిత్వం కూడా రాతలోకి వచ్చింది. అప్పు రాసిన పలక మీదే అప్పు మాఫీ కూడా రాశారు. కరువులో ఊరిని బతికించింది కూడా ఉమ్మడి గాదే. లెక్క లేకుండా పదివేల మందికి న్యాయంగా పంచడం ఎవరి వల్లా కాదు.

ప్రశ్న ఎప్పుడూ ఒకటే. పలక మీద ఎవరు రాస్తున్నారు, ఎవరి పేరు రాయడం లేదు?

మన దగ్గర తరతరాలుగా ఊరి లెక్క కరణం చేతిలో ఉండేది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవుల్ని రద్దు చేసింది. లెక్క మనిషి చేతిలోంచి పోయి ఇప్పుడు సర్వర్లలోకి వచ్చింది. కానీ గడుల తర్కం మారలేదు. 2018లో తెలంగాణలో రైతుబంధు మొదలైనప్పుడు డబ్బు పట్టా ఉన్న యజమానికి వెళ్లింది. నేల దున్నే కౌలు రైతుకి ఆ టేబుల్లో వరసే లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు, కౌలు రైతుకి కార్డు ఇస్తారు. ఆ కార్డు రావాలంటే భూయజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. పండించేవాడు ఒకడు, పలక మీద పేరు ఇంకొకడిది. ఉరుక్‌లో బార్లీ కోసిన కూలీల పేర్లు మనకి ఒక్కటీ గుర్తుండవు, కుషిమ్ పేరు మాత్రం ఐదు వేల ఏళ్లు నిలిచింది.

మనలో చాలామంది చదువుకుని చేస్తున్న పని, నిజాయితీగా చెప్పుకుంటే, కుషిమ్ పనే. ఏదో ఒక కంపెనీకో ప్రభుత్వానికో గడులు గీసి పెట్టడం. ఏ కాలమ్ తప్పనిసరి, ఏది ఖాళీగా వదలొచ్చు, వేలిముద్ర పడకపోతే రేషన్ ఆగాలా ఇవ్వాలా అన్న నిర్ణయాలు చాలాసార్లు ఒక మీటింగ్‌లో పదినిమిషాల్లో అయిపోతాయి. దాని అవతల గిన్నె పట్టుకుని ఎవరో లైన్లో నిలబడి ఉంటారు.

ఈసారి అలాంటి మీటింగ్‌లో కూర్చున్నప్పుడు ఒక్క మాట అడిగి చూడండి. ఈ టేబుల్లో ఎవరికి గడి లేదు అని. పంట పోయిన ఏడాది పలక తడిపే వీలు హమ్మురాబి గుమాస్తాలకే ఉంది. మన సాఫ్ట్‌వేర్‌లో ఆ మాత్రం ఆప్షన్ పెట్టలేమా?